నవంబరు నాలుగో తేదీ ఇల్లు

మా అమ్మ నలభై ఏళ్లుగా నవంబరు నాలుగో తేదీలో కాపురం ఉంటోంది. ఈ మాట నాది కాదు, ఒక ఆఫీసుది. వ్యాసర్పాడిలో రైలు యార్డు గోడ పక్క వీధిలో, రేకుల కప్పు కింద, రెండు గదుల్లో ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషికి అసలు ఇల్లే లేదని ఆ ఆఫీసు తేల్చేసింది. ఆ తేల్చిందెవరో, ఎలా తేల్చారో కనుక్కుని నిలదీద్దామని కొంగు దోపుకుని బయల్దేరాను. కనుక్కున్నాను కూడా. ఇది చదివి నన్ను ఎవరూ ఓదార్చనక్కర్లేదు, ముందే చెబుతున్నాను.

ఈ ఊరి సంగతి తెలియని వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. చెన్నైలో ఇంటికి రెండు నంబర్లు. ఎప్పుడో వీధులన్నిటికీ కొత్త నంబర్లు వేశారు. పాతవి మాత్రం ఎవరూ వదల్లేదు. ఉత్తరాలు తెచ్చే ఆయనకి పాతది చెప్పాలి, కరెంటు వాళ్ళకి కొత్తది చెప్పాలి, ఆటో అతనికి రెండూ చెప్పినా దొరకదు. అందుకని రెండూ కలిపి, మధ్యలో ఒక ఏటవాలు గీత గీసి రాస్తాం. మా వీధిలో కొత్తది ముందు, పాతది వెనక. మా ఇల్లు 4/11. అమ్మనడిగితే "కొత్త నాలుగు, పాత పదకొండు" అని ఊపిరి తిప్పుకోకుండా, ఇంటిపేరు చెప్పినట్టు చెబుతుంది.

ఆ వీధికి ముందుగా వచ్చింది మా వాళ్ళే. యార్డులో బోగీలు కడగడానికీ మూటలు దించడానికీ నెల్లూరు వైపు నుంచి వచ్చి గోడ వారగా గుడిసెలు వేసుకున్నారు. ముందు వచ్చారు కాబట్టి వాళ్ళవి చిన్న నంబర్లు. తర్వాత వచ్చిన అరవ కుటుంబాలవి వీధి చివర, పెద్ద నంబర్లు. ఎవరు ఏ భాషైనా కుళాయి ఒక్కటే, కాబట్టి తగువులూ అందరివీ ఒక్కటే.

నాలుగేళ్ల కిందట ఒక ఆఫీసు వాళ్ళు వచ్చారు. ఈ ఇళ్ళు కూలగొట్టి అక్కడే మేడలు కడతామన్నారు. వీధిలో ఉన్న ప్రతి ఇంటికీ మేడలో ఒక ఇల్లు ఇస్తామన్నారు. సర్వే పిల్లలు కాగితాలు పట్టుకుని గడప గడపా తిరిగి నంబర్లు, పేర్లు రాసుకుపోయారు. కొన్ని నెలలకి ఆఫీసు గోడ మీద జాబితా అంటించారు. వీధిలో అరవై రెండు ఇళ్ళుంటే జాబితాలో ముప్పై అయిదే ఉన్నాయి. మిగతా ఇరవై ఏడూ లేవు. మా ఇల్లు ఆ లేని వాటిలో ఉంది. జాబితాలో లేని వాళ్ళు కూల్చే రోజుకి సామాను సర్దుకుని ఎక్కడికైనా పోవాలి. మా అమ్మకి ఆ వీధి తప్ప ఇంకేదీ తెలియదు.

ఆ ఇరవై ఏడూ వీధి మొదట్లోవి. అంటే దాదాపు అన్నీ తెలుగు వాళ్ళవి. ఇంకేం కావాలి! సాయంత్రానికల్లా కుళాయి దగ్గర నిప్పు రాజుకుంది.

"తెలుగోళ్ళని కావాలని తీసేసినారు. ఈడ పుట్టినాము, ఈడ పెరిగినాము, ఈళ్ళకి మనం కనపడలా," అన్నారు మా వాళ్ళు. చివరి ఇళ్ళ వాళ్ళు ఆఫీసు లోపల ఎవరినో పట్టుకున్నారని కూడా అన్నారు. అటువాళ్ళు ఊరుకుంటారా? బిందెలు తన్నుకున్నాయి. నేనూ కొన్ని మాటలన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అన్నాను.

వీటన్నిటి మధ్యా ఒక వింత ఉంది. మా ఇంటికి ఆనుకునే వెనక వైపు ఒక గది ఉంది. అందులో ఒక అక్క ఉంటుంది. ఆమెదీ తెలుగే, మా దూరపు చుట్టమే. ఆమె నంబరు 4/11ఏ. ఆమె పేరు జాబితాలో ఉంది! ఒకే గోడకి ఇటు లేదు, అటు ఉంది. అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. ఆ అక్క ఏడుస్తూ నా దగ్గరికొచ్చి, "నేనేం చేసినా మే? నాకేం తెలుసు? నన్నెందుకు దొంగను చూసినట్టు చూస్తాండారు?" అంది. ఆ 'ఏ' అక్షరం గురించి అప్పుడే బుర్ర పెట్టి ఉంటే మూడేళ్లు కలిసొచ్చేవి.

అమ్మ ఆ మూడేళ్లూ ఆఫీసు చుట్టూ తిరిగింది. మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి వెళ్ళేది. కరెంటు బిల్లు చూపించింది, రేషను కార్డు చూపించింది, గ్యాసు పుస్తకం చూపించింది. ప్రతిసారీ ఒకటే మాట: "మీ నంబరుతో ఇల్లు దొరకలేదమ్మా." ఇంటికొచ్చి నా మీద పడేది.

"ఏమ్మే, నువ్వు కంప్యూటర్లోనే గదా పని చేసేది? ఆ మిషను లోపల నా ఇల్లు యాడ పోయిందో చూడలేవా?"

"వాళ్ళ మిషను వేరు మా, నా మిషను వేరు," అని విసుక్కునేదాన్ని.

నా పనేమిటంటే, కోడంబాక్కంలో ఒక మేడ మీద టైపింగు కంపెనీ ఉండేది, అందులో సూపర్‌వైజరుని. బయటి ఆఫీసులు కాగితాలు కట్టలు కట్టి పంపిస్తాయి, మేం వాటిని కంప్యూటర్లో వరుసలూ గడులూ చేసి ఇస్తాం. చూసేవాళ్ళకి అది చెయ్యి పనిలా కనిపిస్తుంది. "టైపింగే కదా," అంటారు. ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. గడిలో ఏముందో తెలుసుకోవడం ఒక విద్య. కంటికి కనిపించేది ఒకటి, మిషను లోపల పట్టుకున్నది ఇంకొకటి.

కొత్తగా చేరిన అమ్మాయిలకి నేను మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. గడిలో ఏదైనా కొట్టి ఎంటర్ నొక్కి, అది ఏ గోడకి ఆనుకుందో చూడండే అంటాను. ఎడమ గోడకి ఆనుకుంటే మిషను దాన్ని మాట అనుకుంది. కుడి గోడకి ఆనుకుంటే అంకె అనుకుంది. ఫోను నంబరు కుడి గోడకి పోయిందా, ముందున్న సున్నా మింగేస్తుంది. తేదీ కూడా కుడి గోడకే పోతుంది, ఎందుకంటే తేదీ అంటే వేషం వేసుకున్న అంకె. దాని వేషం తీసేస్తే పంతొమ్మిది వందల సంవత్సరం నుంచి ఎన్ని రోజులైందో లెక్క బయటపడుతుంది. ఇంకా అనుమానముంటే టైప్ అనే ఫార్ములా వెయ్యండి, మాటైతే రెండు అంటుంది, అంకైతే ఒకటి అంటుంది. ఖాళీ గడినడిగినా ఒకటే అంటుంది, అందుకని దాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి, కళ్ళు పెట్టి చూడండి. ఇంత చెప్పి, చివర్లో, "మిషను మనకంటే తెలివైందని అనుకుంటుంది, దాని మాట వినకండి," అనేదాన్ని. అమ్మాయిలు నవ్వేవాళ్ళు.

ఈ విద్య నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒకసారి తిరువొత్తియూరు ఫ్యాక్టరీ ఒకటి తన స్పేరు పార్టుల జాబితాని మా మొహాన తిప్పికొట్టింది. పార్టు నంబర్లన్నీ తేదీలైపోయాయి. మార్చి పన్నెండు అనే బోల్టు, జూలై రెండు అనే వాషరు. ఆఫీసంతా పడీ పడీ నవ్వాం. ఆ తర్వాతే తెలిసింది, మధ్యలో గీత ఉన్న రెండు చిన్న అంకెలు కనిపిస్తే మిషను దాన్ని తేదీ చేసేస్తుందని. రెండూ పెద్దవైతే దానికి చేతకాదు, వదిలేస్తుంది. పక్కన ఒక అక్షరం తగిలించినా వదిలేస్తుంది. అప్పటి నుంచి అలాంటి వరుసల్ని ముందే మాటలుగా మార్చి పెట్టడం, లేదా ముందు ఒక పైకామా, అదే అపాస్ట్రఫీ, కొట్టడం నేర్చుకున్నాను. ఆ ఫ్యాక్టరీ జాబితా దిద్ది పంపించాను. అంతకు ముందు కొట్టిన జాబితాల సంగతి ఏమిటని ఒక్కసారి కూడా అనుకోలేదు.

పోయిన ఏడాది, కూల్చే రోజు దగ్గర పడుతోందని తెలిశాక, అమ్మతో నేనూ వెళ్ళాను. అర్జీలు వినే రోజు అది. ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు, కానీ వినీ వినీ అలిసిపోయిన మనిషి. అరవంలో ఎప్పటి మాటే చెప్పాడు. నేను కదల్లేదు. "జాబితాలో ఉన్నవి మాకొద్దు సార్. సర్వే చేసినవన్నీ ఉన్న పెద్ద ఫైలుంటుంది కదా, అది చూపించండి," అన్నాను. కాసేపు గునిసి, పోనీలే అన్నట్టు మానిటరు నా వైపు తిప్పాడు.

ఇంటి నంబర్ల నిలువు వరుస చూడగానే నా కళ్ళు గోడలు వెతికాయి. 18/29, 23/34, 4/11ఏ, ఇవన్నీ ఎడమ గోడకి బుద్ధిగా ఆనుకుని ఉన్నాయి. మధ్యమధ్యలో కొన్ని కుడి గోడకి అతుక్కుని ఉన్నాయి. వాటిలో అంకెకి పక్కన నెల పేరుంది. 04-నవంబర్. 02-అక్టోబర్. 15-ఆగస్ట్. వాటి ఎదురుగా చివర్లో "ఇల్లు దొరకలేదు" అని ఉంది.

మానిటరు మీదికి వంగాను. కోపంతో కాదు, సంతోషంతో. దొరికాడు దొంగ!

"సార్, ఆ నవంబరు గడి మీద ఒక్కసారి నొక్కండి."

నొక్కాడు. పైన పట్టీలో 04-11-2022 అని వచ్చింది.

"అదేమిటి సార్?"

"తేదీ."

"ఇంటి నంబరు గడిలో తేదీకేం పని సార్?"

"సర్వే చేసిన తేదీ అయ్యుంటుందమ్మా."

"పైన ఆగస్టు పదిహేనుంది చూడండి. మీ వాళ్ళు జెండా పండగ నాడు సెలవు మానుకుని మా వీధికొచ్చారా?"

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నేను ఆయన చేతిలో మౌసు దాదాపు లాక్కున్నంత పని చేసి, ఆ గడికి తేదీ వేషం తీయించాను. 44869 అని బయటపడింది. "ఇదీ సార్ మీ మిషను లెక్కలో మా అమ్మ ఇంటి నంబరు. నలభై నాలుగు వేల చిల్లర. అన్ని ఇళ్ళుంటే మా వీధి మహాబలిపురం దాకా పోవాలి. దీన్ని మీరు సరిచూసుకునే కరెంటు వాళ్ళ జాబితాలో 4/11తో పోల్చితే ఎక్కడ దొరుకుతుంది? వెనకింటి అక్కకి 'ఏ' ఉంది, బతికిపోయింది. మాకు 'ఏ' లేదు, మేం పోయాం. మాదే కాదు, కుడి గోడకున్నవన్నీ లెక్కపెట్టండి." ఆయనే లెక్కపెట్టాడు. సరిగ్గా ఇరవై ఏడు.

ఎవరూ కావాలని తీసెయ్యలేదు. వీధి చివరి వాళ్ళు ఎవరినీ పట్టుకోలేదు. ముందు వచ్చిన వాళ్ళకి చిన్న నంబర్లున్నాయి, చిన్న నంబర్లు తేదీలయ్యాయి, అంతే. కుళాయి దగ్గర మూడేళ్ల తిట్లన్నీ దీనికోసమా అని నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు లేచిపోయింది.

"ఎవరు సార్ ఇది కొట్టింది? కళ్ళు నెత్తిన పెట్టుకుని కొట్టారా? ఆ చెయ్యి విరగ్గొట్టాలి!"

ఆయన నా కోపం తగ్గుతుందేమోనని ఫైలుని పక్కకి జరిపి చివరి నిలువు వరుస చూపించాడు. "బయట కంపెనీకిచ్చామమ్మా. పేరుండదు. ఆపరేటరు నంబరుంటుంది. ఇదిగో, ఏడు."

ఆ ఫైలు అడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ గుర్తు కూడా ఉంది. మా కంపెనీ గుర్తు. ఏడో నంబరు కుర్చీ కిటికీ పక్కది. అప్పటికి సూపర్‌వైజరునే గానీ అంతకు ముందు అయిదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నది నేనే.

నాకంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. మా వీధి కట్ట నా బల్ల మీదికి రావడం, ఎవరికీ ఇవ్వకుండా నేనే తీసుకోవడం. మా అమ్మ కాగితం వచ్చినప్పుడు పక్క అమ్మాయికి చూపించి, "మా అమ్మే! మేడింటి ఆవిడ కాబోతోంది," అని మురిసిపోవడం. ఆ కాగితం మీద సర్వే పిల్ల 4/11 అని ఎంత గుండ్రంగా రాసిందో కూడా గుర్తొచ్చింది. అక్కడ మా పద్ధతి ఒకటుండేది. కళ్ళు కాగితం మీదే ఉండాలి, తెర వైపు చూడకూడదు. చూస్తే వేగం తగ్గుతుంది. ఎంటర్ నొక్కాక ఆ గడి మనది కాదు, కింది గడి మనది. నా అంత వేగంగా కొట్టేవాళ్ళు ఆ మేడ మీద ఇంకొకరు లేరు. అందరూ చెప్పుకునేవాళ్ళు, నేనూ టెక్కుగా తిరిగేదాన్ని. నేను కొట్టింది తప్పవదని, తర్వాత వాళ్ళ ఆఫీసులోనే ఎవరో మళ్ళీ కొట్టి చెడగొట్టారని ఈ మూడేళ్లూ అనుకున్నాను. 4/11 కొట్టాను, ఎంటర్ నొక్కాను, కిందికి పోయాను. నా వెనక మా అమ్మ ఇల్లు నవంబరు నాలుగయ్యింది.

అమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. "ఏమంటాండాడు?" అనడిగింది. "దొరికింది మా, తప్పు దొరికింది," అన్నాను. తప్పు ఎవరిదో చెప్పలేదు.

మేం లేచే ముందు ఆఫీసరు గొంతు తగ్గించి ఒక మాటన్నాడు. "మీ అమ్మగారిదొక్కటీ ఇప్పుడే సరిచేసేస్తాను. ఒకటంటే చిన్న దిద్దుబాటు, నా స్థాయిలో అయిపోతుంది. ఇరవై ఏడంటే పైకి పోతుంది, కారణం రాయాలి, ఎవరి తప్పో రాయాలి, పెద్ద గొడవ. మిగతావాళ్ళు వచ్చినప్పుడు చూద్దాం." వచ్చే అర్జీల రోజు దాకా ఆలోచించుకొమ్మన్నాడు.

నేను దేవతనని చెప్పుకోను. రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మ ఇల్లు మా అమ్మకొస్తుంది, నా పేరు బయటికి రాదు. ఎవరికి తెలుస్తుంది? రెండో రోజు సాయంత్రం కుళాయి దగ్గరికి వెళ్తే వెనకింటి అక్క నన్ను చూసి బిందె తీసుకుని తప్పుకుంది. నీళ్ళు నిండకుండానే తప్పుకుంది. ఏ తప్పూ చెయ్యనిది ఆమె, తలెత్తుకుని నిలబడ్డది నేను. ఛీ అనిపించింది. ఇరవై ఏడూ సరిచెయ్యాల్సిందే అనుకున్నాను.

మా మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. "సర్వే చేసిన పిల్లల చేతిరాత అర్థం కాలేదని రాసెయ్యండి మేడమ్. వాళ్ళిప్పుడెక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఎవరికీ నష్టం లేదు," అన్నాడు.

"వాళ్ళు ముత్యాల్లాగ రాశారు సార్. నేను కొట్టాను, నేను చూడలేదు."

"ఆ మాట మీ సంతకంతో బయటికి పోతే మనకిక ఏ ఆఫీసు కట్టలిస్తుంది? రాసేటట్టయితే మీరిక్కడ ఉండక్కర్లేదు."

మెడలో కార్డు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. పదకొండేళ్ల ఉద్యోగం. అమ్మాయిలు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. "ఏ గోడకి ఆనుకుందో చూసుకోండే," అని చెప్పి మెట్లు దిగాను.

మళ్ళీ అర్జీల రోజుకి ఇరవై ఏడిళ్ళ వాళ్ళనీ తీసుకెళ్ళాను. అంతకు ముందు ఇంటింటికీ వెళ్ళి, "మీ నంబరు దొరకలేదన్నదంతా టైపింగులో జరిగిన తప్పు, అందరం కలిసి పోదాం," అని చెప్పాను. ఎవరి టైపింగో చెప్పలేదు. వెనకింటి అక్క జాబితాలో ఉన్నా మాతో వచ్చింది. గదిలో చోటు చాలక సగం మంది వరండాలో నిలబడ్డారు. అమ్మ ముందు వరసలో బెంచీ మీద కూర్చుంది, ఒళ్ళో కరెంటు బిల్లుల సంచీ.

ఆఫీసరు అంతమందిని చూసి నుదురు రుద్దుకున్నాడు. నేను రాసుకొచ్చిన కాగితం ఆయన ముందు పెట్టి, అందరికీ వినపడేటట్టు అరవంలో చదివాను. ఇరవై ఏడు నంబర్లు చదివాను. ఏది ఏ తేదీ అయ్యిందో చదివాను. చివర్లో, "ఇవన్నీ కొట్టిన ఆపరేటరు ఏడు నేనే. కాగితాల మీద నంబర్లు సరిగ్గా ఉన్నాయి. కొట్టాక తెర మీద ఏం పడిందో నేను చూడలేదు. తప్పు నాది," అని చదివి, కింద సంతకం చూపించాను.

ఎవరో వెనక నుంచి "అడిప్పావీ" అన్నారు, ఓసి పాపిష్టిదానా అని. నేను తిరిగి చూడలేదు. తిట్టే హక్కు వాళ్ళకుంది. నేను అమ్మ వైపే చూశాను.

అమ్మకి అరవం నాకంటే బాగా వచ్చు. అంతా అర్థమైంది. అయినా నన్నే అడిగింది, తెలుగులో, మెల్లగా.

"మూడేండ్లు నన్ను ఈడికి తిప్పింది నువ్వా?"

"నేనే మా."

"ఈ మోకాళ్ళతో?"

"నేనే."

అక్కడ ఏడిస్తే నన్ను నేనే క్షమించుకునేదాన్ని కాదు, ఏడవలేదు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని నేల వైపు చూసింది. ఒక దెబ్బ వేసి ఉంటే బాగుండేదనిపించింది.

ఆఫీసరుకి మాత్రం బరువు దిగిపోయింది. కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశారా అమ్మా, చివరికి తప్పు మీలో మనిషిదే. మా ఆఫీసు తప్పేమీ లేదు. ఈ కాగితం పైకి పంపిస్తాను. జవాబొచ్చేదాకా మీరంతా ఆగాలి. వెళ్ళి రండి," అన్నాడు.

అప్పుడు అమ్మ లేచింది. ఒళ్ళో సంచీ కింద పడింది, బిల్లులన్నీ చెల్లాచెదురయ్యాయి, ఎవరినీ ఏరనివ్వలేదు. రెండు చేతులూ ఆయన బల్ల మీద ఆనించి నిలబడింది. కోపమొస్తే ఆమెకి అరవం పోతుంది, తెలుగే వస్తుంది.

"అయ్యా, నా బిడ్డ తప్పు నాదనింది. కూడు పెట్టే పని పోగొట్టుకోని మరీ అనింది. అది ఒక్కతూరి చూడలేదు, సరి. మూడేండ్లు ఆ మిషను ముందర కూసోని చూసినోళ్ళు మీరు. నేను వొచ్చిన పొద్దల్లా చూసినారు. నవంబరు నాలుగు ఇల్లెట్లయితాదని మీలో ఒకురన్నా అడిగినారా? నా బిడ్డ ఒప్పుకునింది. మీరెప్పుడు ఒప్పుకుంటారు?"

అరవంలోకి మార్చి చెబుదామని నేను నోరు తెరిచాను. అక్కర్లేకపోయింది. ఆయన మొహం ఎర్రబడింది. వరండాలో వాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చి అమ్మ వెనక నిలబడ్డారు. వీధి మొదటి వాళ్ళు, వాళ్ళ మధ్య వెనకింటి అక్క. ఆయన బీరువా తీయించి మూడేళ్ల నాటి కట్ట తెప్పించాడు. ఇరవై ఏడు కాగితాలు బయటికి తీయించాడు. ఒక్కొక్క దాని మీదా అసలు నంబరు చూసి, విడి విడి దిద్దుబాటు కాగితాల మీద, పైకి పోనక్కర్లేకుండా తన స్థాయిలోనే అయిపోయేటట్టు, తన చేత్తో రాసి, "పరిశీలనలో మా ఆఫీసు కూడా గమనించలేదు" అని కింద చేర్చి, సంతకం పెట్టడం మొదలుపెట్టాడు.

ఎవరో అమ్మకి కుర్చీ జరిపారు. తీసెయ్యమంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. పట్టుకోబోతే నా చెయ్యి విదిలించి, మళ్ళీ తనే గట్టిగా పట్టుకుంది. ఇరవై ఏడో సంతకం అయ్యేదాకా మా అమ్మ కూర్చోలేదు. నన్ను కూడా కూర్చోనివ్వలేదు.